ఐస్ హాకీ గోలీ కెరీర్: ప్యాడ్లు కట్టుకున్న రోజు నుంచి కాంట్రాక్టు దాకా

ముందు ఒక లెక్క చూడండి. ఉత్తర అమెరికాలోని అతి పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. ప్రతి మ్యాచ్‌కీ జట్టుకి ఇద్దరేసి గోలీలు, అంటే గోల్ కాపలాదారులు, సిద్ధంగా ఉంటారు, ఆడేది ఒక్కరు. అంటే ఆ లీగ్ మొత్తం మీద గోలీలకున్న చోట్లు 64, అందులో క్రీజ్‌లో, అంటే గోల్ ముందు గీసిన జాగాలో, నిలబడేవి 32. అదే జట్టు 12 మంది ఫార్వర్డ్‌లను, ఆరుగురు డిఫెన్స్ ఆటగాళ్ళను దించుతుంది. కుర్ర ఫార్వర్డ్ నాలుగో లైన్‌లో, అంటే వంతులవారీగా దిగే ముగ్గురేసి ఫార్వర్డ్‌ల బృందాల్లో చివరిదానిలో, పది నిమిషాలు ఆడుతూ మెల్లగా పైకి రావొచ్చు. గోలీకి నాలుగో లైన్ అంటూ ఏదీ లేదు. ఆడితే 60 నిమిషాలు, లేదంటే బెంచీ.

ఏ లీగ్‌కి వెళ్ళాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టాలి, తుంటి కీళ్ళను ఎలా కాపాడుకోవాలి అన్న ప్రశ్నలన్నీ చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తాయి. పైగా గోలీలు ఆలస్యంగా పండుతారు. అందుకని ఎక్కువ మ్యాచ్‌లు దొరికే చోట ఆడండి. మీ వంతు వచ్చేసరికి ఒంట్లో సత్తా మిగిలి ఉండేలా చూసుకోండి. కింద రాసిందంతా ఆ రెండు పనులు ఎలా చేయాలనే.

1. ప్యాడ్లకంటే ముందు స్కేటింగ్

జట్టులో సరిగా స్కేట్ చేయలేని పిల్లాడిని గోల్‌లో నిలబెట్టడం పాత అలవాటు. అంతకంటే తలకిందుల ఆలోచన ఇంకోటి లేదు. గోలీ రింక్ పొడవునా పరిగెత్తడు, నిజమే. కానీ నాలుగైదు అడుగుల జాగాలో ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం మ్యాచ్‌లో కొన్ని వందల సార్లు చేస్తాడు. పదేళ్ళలోపు పిల్లల్ని గోల్‌లోనూ బయటా మార్చి మార్చి ఆడించండి. షూటర్ బుర్ర ఎలా పనిచేస్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

నేర్చుకోవాల్సిన కదలికలు నాలుగే. దగ్గరి దూరాలకి షఫుల్: రెండు స్కేట్లూ పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) వైపే చూస్తూ పక్కకి జరగడం. దూరాలకి టీ-పుష్: ముందు కాలి వేళ్ళను వెళ్ళాల్సిన వైపు తిప్పి, వెనక కాలి లోపలి అంచుతో తొయ్యడం. ముందుకీ వెనక్కీ సీ-కట్: స్కేట్‌తో మంచు మీద ఇంగ్లీషు సి ఆకారం గీస్తూ తొయ్యడం. మోకాళ్ళ మీద ఉండగానే పక్కకి జారే బటర్‌ఫ్లై స్లయిడ్. ప్రాక్టీసులో మొదటి పది నిమిషాలు పక్ లేకుండా వీటికే ఇవ్వండి. పోస్ట్ నుంచి క్రీజ్ పైభాగానికి, అక్కడి నుంచి రెండో పోస్ట్‌కి వెళ్ళండి. ప్రతి చోటా పూర్తిగా ఆగి ఒక లెక్క పెట్టాకే కదలండి. ఆగకుండా జారుకుంటూ పోయే గోలీ చూడ్డానికి బాగుంటాడు కానీ, కదులుతున్నవాడు షాట్‌కి ఎదురుదిశలో కాలు తొయ్యలేడు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తల కంటే కాళ్ళు ముందు కదులుతాయి. వరస ఎప్పుడూ ఒకటే: ముందు కళ్ళు, తర్వాత తల, భుజాలు, చేతులు, చివర కాళ్ళు. పాస్ వెళ్తున్నప్పుడు ముక్కు పక్‌ని చూస్తూ తిరిగితే ఒళ్ళు దానంతట అదే సరైన కోణంలోకి వస్తుంది.

2. సామాను: కొలత తప్పితే టెక్నిక్ తప్పుతుంది

పెద్ద ప్యాడ్లు వేసుకుంటే ఎక్కువ గోల్ మూసుకుంటుందని తల్లిదండ్రులు ఒక సైజు పెద్దవి కొంటారు. పిల్లాడు రెండేళ్ళపాటు తప్పుగా మోకాళ్ళ మీద పడటం నేర్చుకుంటాడు, ఆ తర్వాత దాన్ని మాన్పించడానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది.

ప్యాడ్ కొలిచే పద్ధతి ఇది. చీలమండ మధ్య నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా కొలిచి, తయారీదారు పట్టికతో పోల్చండి. తర్వాత ప్యాడ్లు కట్టి బటర్‌ఫ్లైలోకి, అంటే మోకాళ్ళ మీదికి వాలి పాదాలు బయటికి చాచే భంగిమలోకి, దిగి చూడండి. మోకాలు ప్యాడ్ లోపలి ల్యాండింగ్ బ్లాక్ (మోకాలు ఆనే మెత్త) నడిమధ్యలో పడాలి. బ్లాక్ దాటి తొడవైపు పడితే ప్యాడ్ చిన్నది, పిక్కవైపు పడితే పెద్దది. మోకాలి పైనుండే భాగం మరీ పొడవైతే రెండు ప్యాడ్ల పై అంచులూ ఢీకొని, కింద కాళ్ళ మధ్య సందు, అంటే ఫైవ్ హోల్, తెరుచుకుంటుంది. స్కేట్ ముక్కుని ప్యాడ్‌కి కట్టే టో టై బిగించి కట్టకండి, కొంత వదులుండాలి. అది బిగుసుకుంటే ప్యాడ్ తిరగదు, ఆ మెలి అంతా మోకాలికీ తుంటికీ ఎక్కుతుంది. మోకాళ్ళ నొప్పి అని వచ్చే కుర్రాళ్ళ విషయంలో మొదట చూడాల్సింది ఈ తాడునే.

ఎన్‌హెచ్‌ఎల్ పరిమితులు ముందే తెలిసుంటే మంచిది. ప్యాడ్ వెడల్పు 11 అంగుళాలు దాటకూడదు. స్టిక్ పట్టే చేతికుండే పలక, బ్లాకర్, 8 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడవు. పక్‌ని పట్టుకునే రెండో చేతి గ్లవ్ చుట్టుకొలత 45 అంగుళాలు. ప్యాడ్ ఎత్తుని ప్రతి గోలీ కాలి కొలతని బట్టి లీగే తేలుస్తుంది. జూనియర్‌లో భారీ సామానుతో అలవాటుపడితే పైకి వెళ్ళాక ఒంటి మీది కవచం ఒక్కసారిగా పలచబడినట్టు ఉంటుంది.

స్టిక్ విషయంలో చూడాల్సింది మొత్తం పొడవు కాదు, ప్యాడిల్ (బ్లేడ్ పైనుండే వెడల్పాటి భాగం) పొడవు. స్కేట్లు వేసుకుని మీ స్టాన్స్‌లో, అంటే షాట్‌కి సిద్ధంగా ఉండే భంగిమలో, నిలబడండి. స్టిక్ బ్లేడ్ మొత్తం మంచుకి ఆనాలి. బ్లాకర్ చెయ్యి ప్యాడిల్ పైకొస దగ్గర పట్టుకుని ఒంటికి కాస్త ముందుండాలి. ప్యాడిల్ పొడవెక్కువైతే మోచెయ్యి పైకి లేచి చంక కింద కంత పడుతుంది. పొట్టిదైతే భుజాలు ముందుకు వాలి, పైమూలలు రెండూ ఖాళీ అవుతాయి.

స్కేట్ బ్లేడ్ అడుగున మధ్యలో ఉండే గాడి వంపుని హాలో అంటారు, దాని అంకె ఆ వంపు వ్యాసార్ధం. మొదలుపెట్టేవారికి అర అంగుళం హాలో సురక్షితం. అంకె తగ్గేకొద్దీ గాడి లోతు పెరుగుతుంది. 3/8 అంగుళంలో అంచు గట్టిగా కరుస్తుంది, తోపు బలంగా వస్తుంది, కానీ షఫుల్ చేసేటప్పుడు కాలు పట్టేసినట్టుంటుంది. 5/8 హాయిగా జారుతుంది కానీ మోకాళ్ళ మీద నుంచి తోసేటప్పుడు కాలు దొర్లిపోతుంది. ఒకసారి కుదిరిన హాలోని సీజన్ మధ్యలో మార్చకండి. గోలీ స్కేట్లకి లోపలి అంచే ప్రాణం, పోస్ట్‌కి తగిలి మొద్దుబారేదీ అదే. గోరుని అంచు మీద అడ్డంగా గీయండి. గోటి పొర లేవకుండా జారిపోతే ఆ చోట అంచు చచ్చినట్టే. చేతిలో పట్టే చిన్న సానరాయి సంచిలో ఎప్పుడూ ఉండాలి.

మాస్క్ దగ్గర బేరాలు వద్దు. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన షాట్ ముఖానికి తగిలాక, మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ మాస్క్ పెట్టుకుంటేనే మళ్ళీ దిగుతానని పట్టుబట్టాడు. అప్పటిదాకా దాదాపు గోలీలందరూ ఉత్త ముఖాలతోనే ఆడేవారు. మాస్క్ షెల్‌లో వెంట్రుకవాసి పగులు కనిపించినా, కేజ్ తీగ వంగినా మార్చేయండి. మెడ గార్డు కూడా అంతే ముఖ్యం. 1989 మార్చిలో బఫలో గోలీ క్లింట్ మలార్చుక్ మెడ ఒక స్కేట్ అంచుకి తెగి, ప్రాణం వెంట్రుకవాసిలో దక్కింది.

3. కోణం: తాళ్ళతో నేర్చుకునే పాఠం

గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. ఈ 24 చదరపు అడుగుల్ని కేవలం వేగంతో ఆపలేరు. గంటకి 145 కిలోమీటర్ల షాట్ 30 అడుగుల నుంచి వస్తే మీ దగ్గరికి చేరడానికి 0.23 సెకను కూడా పట్టదు. కన్ను చూసి చెయ్యి కదలడం మొదలవ్వడానికే దాదాపు 0.2 సెకను పోతుంది. కనుక షాట్ రాకముందే సగం పని అయిపోయి ఉండాలి.

రెండు పొడవాటి తాళ్ళు తీసుకోండి. ఒకటి ఎడమ పోస్ట్ అడుగున, ఇంకోటి కుడి పోస్ట్ అడుగున కట్టండి. రెండు కొసల్నీ గోల్ లైన్‌కి ఎదురుగా 20 అడుగుల దూరంలో మంచు మీద ఒకే చోట కలిపి, అక్కడ పక్ పెట్టండి. ఇప్పుడు గోల్ లైన్ మీద నిలబడితే మీరు మూయాల్సింది 6 అడుగులు. నాలుగడుగులు ముందుకి రండి, తాళ్ళ మధ్య దూరం 4.8 అడుగులకి తగ్గుతుంది. క్రీజ్ అంచు దాకా, ఆరడుగులు వస్తే 4.2. అదే చోట ఇంకో తాడుని పైకడ్డీకి కట్టి చూస్తే కళ్ళు తెరుచుకుంటాయి. నాలుగడుగుల ముందు నిలబడ్డప్పుడు మీరు మూయాల్సిన ఎత్తు 4 కాదు, 3.2 అడుగులే, ఎందుకంటే పక్ మంచు మీద నుంచే లేస్తుంది. మోకాళ్ళ మీదికి దిగినా భుజాలు నిటారుగా ఉంచితే పైమూల ఎందుకు అంత సులువుగా దొరకదో అప్పుడు అర్థమవుతుంది.

తర్వాత పక్‌ని తాళ్ళతో సహా ఎడమకీ కుడికీ జరిపి, ప్రతిసారీ రెండు తాళ్ళకీ సమాన దూరంలో నిలబడండి. అక్కడే బటర్‌ఫ్లైలోకి దిగి ప్యాడ్లు ఏ తాడుకి తగులుతున్నాయో చూడండి. వారానికి ఒకసారి పావుగంట చేస్తే చాలు.

ఇక్కడ నూటికి తొంభై మంది చేసే తప్పు, షూటర్ ఒంటికి ఎదురుగా నిలబడటం. పక్ అతని ఒంటికి మూడు నాలుగడుగులు పక్కన, స్టిక్ చివర ఉంటుంది. కోణం పక్ నుంచి కట్టాలి. "చక్కగా ఎదురుగానే ఉన్నాను, ఎలా వెళ్ళింది?" అన్న ప్రశ్నకి చాలాసార్లు ఇదే జవాబు.

మరీ ముందుకి వెళ్ళడంలో నష్టమూ ఉంది. ఆరడుగుల దూరంలో ఉన్న మీరు పక్కకి వెళ్ళిన పాస్‌ని అందుకోవడానికి తిరగాల్సిన దారి పెరుగుతుంది. పాస్‌కి అవకాశం లేని షాట్ అయితే ముందుకి రండి. అవతలి పోస్ట్ దగ్గర ఖాళీగా ఇంకో ఆటగాడుంటే రెండు మూడడుగుల దగ్గరే ఉండండి. ఒంటరిగా దూసుకొచ్చేవాడికి మాత్రం ముందు నుంచే మొదలుపెట్టి అతని వేగంతోనే వెనక్కి జరగాలి. మీరు తొందరపడితే షాట్‌కి జాగా ఇచ్చినట్టు, ఆలస్యమైతే పక్క నుంచి చుట్టి వెళ్తాడు.

4. బటర్‌ఫ్లై, లేవడం, పోస్ట్ దగ్గర పని

మోకాళ్ళు లోపలికి, పాదాలు బయటికి పెట్టి మంచుని మూసే ఈ పద్ధతికి పాతతరం గోలీ గ్లెన్ హాల్ దారి వేశాడు. 1980ల్లో కోచ్ ఫ్రాంస్వా అలేర్ దగ్గర నేర్చుకున్న పాట్రిక్ రువా దాన్ని ఆట మొత్తానికీ అలవాటు చేశాడు. దిగేటప్పుడు రెండు మోకాళ్ళూ ఒకేసారి, గట్టిగా మంచుని తాకాలి. ఛాతీ నిటారుగా, చేతులు ఒంటికి ముందు, స్టిక్ ఫైవ్ హోల్ ముందు ఉండాలి. దిగగానే చేతులు పక్కలకి జారిపోతుంటే బరువు మడమల మీదికి పోయిందని గుర్తు. పక్ షూటర్ స్టిక్ బ్లేడ్‌ని వదలకముందే దిగిపోయే అలవాటు ఇంకా ప్రమాదం. మంచి షూటర్ అర క్షణం ఆగి, మీరు దిగాక పైకి కొడతాడు.

లేవడంలో ఒకటే నియమం: పక్ ఎటు వెళ్తోందో దానికి ఎదుటి కాలు ముందు లేవాలి. పక్ కుడివైపు వెళ్తే ఎడమ స్కేట్‌ని మంచులో పాతి తొయ్యండి. కుడికాలు ముందు లేపారంటే తోయడానికి ఏమీ మిగలదు, నిలబడటం ఒక పని, కదలడం ఇంకో పని అవుతాయి. రెండు వైపులా పదేసి సార్లు, మూడు విడతలు. అలసిపోయాక మరో విడత చేయండి, మూడో పీరియడ్‌లో, అంటే మ్యాచ్ చివరి భాగంలో, ఒళ్ళు ఎలా ఉంటుందో అది చెబుతుంది.

పక్ గోల్ లైన్ వెనక ఉన్నప్పుడు ఆర్‌వీహెచ్ (రివర్స్ వర్టికల్ హారిజాంటల్) అనే భంగిమ పనికొస్తుంది. పోస్ట్ వైపు ప్యాడ్‌ని మంచు మీద పడుకోబెట్టి, స్కేట్‌ని పోస్ట్‌కి ఆనించి, రెండో కాలి అంచుతో ఒంటిని పోస్ట్‌కి అదిమి ఉంచడమన్నమాట. కింద గాలి కూడా దూరదు. అయితే భుజానికీ పైకడ్డీకీ మధ్య సందు అలాగే ఉంటుంది. పక్ గోల్ లైన్‌కి ముందుకొచ్చి షూటర్‌కి కాస్త కోణం దొరికితే మోకాళ్ళ మీద ఉండిపోవడం ఆ సందుని బహుమతిగా ఇవ్వడమే. ఈమధ్య కుర్ర గోలీలు పక్ మూలకి వెళ్తే చాలు, పోస్ట్‌ని కావలించుకుని కూర్చుంటున్నారు. నిలబడే ఉండాల్సిన చోట నిలబడండి.

5. చదవడం, వదలకుండా చూడటం

చూడాల్సింది షూటర్ కళ్ళని కాదు, అతని స్టిక్ బ్లేడ్‌ని. పక్ బ్లేడ్ మడమ దగ్గరుందా, కొస దగ్గరుందా? బ్లేడ్ ముఖం తెరుచుకుందా, మూసుకుందా? పైచెయ్యి ఒంటికి దూరంగా జరిగిందా? ఈ మూడూ కలిపి పక్ ఎటు వస్తుందో ముందే కొంత చెబుతాయి. వచ్చాక, ఒంటికి తగిలేదాకా చూడండి, తగిలాక ఎటు పోయిందో తలతో వెంబడించండి. ప్యాడ్‌కి తగిలే ముందే చూపు ఎత్తేసినవాడికి రీబౌండ్, అంటే తగిలి వెనక్కి చిమ్మిన పక్, ఎక్కడుందో తెలియదు.

ముందు ఎవరైనా అడ్డు నిలబడితే వాళ్ళ తల మీదుగా కాకుండా పక్కనుంచి, షూటర్ స్టిక్ ఉన్న వైపు నుంచి చూడండి. కింద షాట్లని మీ స్టిక్ బ్లేడ్ కాస్త వంచి మూలకి పంపండి. ఛాతీకొచ్చినవాటి మీదికి ఒళ్ళు ముడిచి అక్కడే ఆపేయండి. రీబౌండ్ ఎదురుగా స్లాట్‌లోకి, అంటే గోల్ ముందున్న జాగాలోకి, పోతే, ఆపిన షాట్ కూడా సగం గోలే.

6. పక్ ఆడటం

గోల్ వెనక గోడ చుట్టూ తిరిగే పక్‌ని ఆపి, డిఫెన్స్ ఆటగాడికి గోడ నుంచి ఒక అడుగు ఎడంగా వదిలిపెట్టండి. గోడకి అతుక్కుపోయిన పక్‌ని అతను వెనక్కి తిరిగి తవ్వుకోవాల్సి వస్తుంది, ఆ లోపు ప్రత్యర్థి మీద పడతాడు. 2005-06 నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌లో గోల్ లైన్ వెనక ట్రాపెజాయిడ్ గీతల మధ్యే గోలీ పక్ ముట్టుకోవాలి. బయట ముడితే రెండు నిమిషాల పెనాల్టీ. సందేహముంటే గోల్ వదలకండి.

7. తుంటి కీళ్ళే మీ ఆస్తి

బటర్‌ఫ్లైలో తొడ ముందుకి ముడుచుకుని, అదే సమయంలో లోపలికి తిరుగుతుంది. ఏటా కొన్ని వేల సార్లు. తొడ ఎముక తలా, అది కూర్చునే తుంటి గిన్నె అంచూ రాసుకునే సమస్య, ఆ అంచు మీది మృదులాస్థి చిరగడం గోలీల్లో మామూలుగా కనిపిస్తాయి. గజ్జల ముందు భాగంలో, లోతుగా నొక్కినట్టు నొప్పి ఉంటే కండరం పట్టేసిందని సర్దుకోకండి. క్రీడావైద్యుడికి చూపించండి.

ఇంకా గట్టిగా సాగదీస్తే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. కొందరి ఎముక ఆకారమే ఒక హద్దు దాటి తిరగనివ్వదు. అక్కడ బలవంతం చేస్తే చిరిగేది మృదులాస్థే. సాగదీతకంటే బలానికి ఎక్కువ సమయం ఇవ్వండి. తొడ లోపలి కండరాలకి కోపెన్‌హేగెన్ ప్లాంక్, పిరుదులకి ఒంటికాలి వ్యాయామాలు, నడుముకి ఒళ్ళు మెలి తిరగకుండా ఆపే వ్యాయామాలు. వారానికి మూడు రోజులు. సీజన్ అయ్యాక కొన్ని వారాలు బటర్‌ఫ్లై పూర్తిగా మానేయండి. ఏడాది పొడవునా గోలీ క్యాంపులకి తిరిగే పదమూడేళ్ళ పిల్లాడు ముందుకి వెళ్తున్నట్టే ఉంటాడు, ఇరవై ఏళ్ళొచ్చేసరికి ఆ బాకీ వసూలవుతుంది.

8. మెట్లు: ఎక్కడ ఆడాలి?

కెనడాలో సీహెచ్‌ఎల్ అనే జూనియర్ సంస్థ కింద ఓహెచ్‌ఎల్, డబ్ల్యూహెచ్‌ఎల్, క్యూబెక్ లీగ్ ఉన్నాయి. 16 నుంచి 20 ఏళ్ళవారు ఆడతారు. ఓహెచ్‌ఎల్, డబ్ల్యూహెచ్‌ఎల్‌లలో సీజన్‌కి 68 మ్యాచ్‌లు, కాబట్టి అనుభవం త్వరగా పోగవుతుంది. అమెరికా దారిలో యూఎస్‌హెచ్‌ఎల్ లాంటి జూనియర్ లీగ్, తర్వాత ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంస్థ) కింద ఆడే కాలేజీ. కాలేజీలో మ్యాచ్‌లు 35-40కి మించవు, ఎక్కువగా వారాంతాల్లోనే. మిగతా రోజులన్నీ ప్రాక్టీసుకీ వ్యాయామానికీ మిగులుతాయి. ఒళ్ళు ఆలస్యంగా ఎదిగేవారికి ఇదే మంచిది. సీహెచ్‌ఎల్‌లో ఆడితే కాలేజీ తలుపు మూసుకుపోయే పాత నిబంధన 2025 ఆగస్టు 1 నుంచి పోయింది. ఇప్పుడు ఒకదాని తర్వాత ఇంకోటి ఆడొచ్చు. యూరప్‌లో స్వీడన్, ఫిన్లండ్ క్లబ్బుల జూనియర్ జట్ల నుంచి ఆ దేశాల పై లీగులైన ఎస్‌హెచ్‌ఎల్, లీగాలకి దారి ఉంది.

ఏది ఎంచుకున్నా జెర్సీ మీది పేరు చూసి మోసపోకండి. అడగాల్సినవి మూడు ప్రశ్నలు. ఇప్పుడున్న మొదటి గోలీకి ఇంకా ఎన్నేళ్ళ అర్హత మిగిలింది? గోలీ కోచ్ వారానికి ఎన్ని రోజులు మంచు మీద ఉంటాడు? పోయిన సీజన్‌లో రెండో గోలీకి ఎన్ని మ్యాచ్‌లు ఇచ్చారు? మూడో జవాబు నసుగుతూ వస్తే బయటికి నడవండి.

ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కుర్ర ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, 32 జట్లకి కలిపి 224 ఎంపికలు. చరిత్రలో మొదటి నంబరుగా వెళ్ళిన గోలీలు ముగ్గురే: 1968లో మిషెల్ ప్లాస్, 2000లో రిక్ డిపియెట్రో, 2003లో మార్క్-ఆండ్రె ఫ్లూరీ. పద్దెనిమిదేళ్ళ గోలీ పాతికేళ్ళకి ఎలా ఉంటాడో చెప్పడం జట్లకి చేతకాదు, అందుకే కింది రౌండ్లలో తీసుకుంటారు. తర్వాత పేరుమోసిన గోలీల్లో హెన్రిక్ లండ్‌క్విస్ట్ 205వ ఎంపిక. పెక్కా రిన్నె 258వ ఎంపిక, అప్పట్లో రౌండ్లు ఎక్కువ. కానర్ హెలెబక్ 130వ వాడు, నార్త్ అమెరికన్ హాకీ లీగ్ నుంచి మసాచుసెట్స్ లోవెల్ కాలేజీకి వెళ్ళి, తర్వాత ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీలు మూడు, 2025లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు. సెర్గీ బోబ్రోవ్‌స్కీని డ్రాఫ్ట్‌లో అసలెవరూ తీసుకోలేదు. పేరు పిలవలేదని ఆ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ప్రొఫెషనల్ అయ్యాక మొదటి మెట్టు ఎన్‌హెచ్‌ఎల్‌కి కింది లీగ్ అయిన ఏహెచ్‌ఎల్, దాని కింద ఈసీహెచ్‌ఎల్. ఏహెచ్‌ఎల్‌లో 72 మ్యాచ్‌ల సీజన్‌లో పన్నెండు ఆడటంకంటే ఈసీహెచ్‌ఎల్‌లో నలభై ఆడటం మేలు. కింది లీగ్‌కి పంపితే అవమానం అనుకునే గోలీలు బెంచీ మీదే ముదిరిపోతారు. జోర్డన్ బినింగ్టన్ ఈసీహెచ్‌ఎల్‌లో ఒక సీజన్, ఏహెచ్‌ఎల్‌లో ఏళ్ళ తరబడి ఆడాడు. 2019 జనవరిలో, 25 ఏళ్ళ వయసులో ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటిసారి స్టార్టర్‌గా, అంటే మ్యాచ్ మొదలుపెట్టే గోలీగా, దిగి, జూన్‌లో సెయింట్ లూయిస్‌తో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. టిమ్ థామస్ ఫిన్లండ్‌లో ఏళ్ళు గడిపి, 37 ఏళ్ళకి 2011 ప్లేఆఫ్‌ల ఉత్తమ ఆటగాడయ్యాడు.

మహిళలకు 2024 జనవరిలో మొదలైన ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ ఉంది. 2025-26లో ఎనిమిది జట్లు. చోట్లు ఇంకా తక్కువ, కాబట్టి కాలేజీ డిగ్రీని పక్కన పెట్టొద్దు.

9. కాంట్రాక్టు చదివేటప్పుడు

మొదటి ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందం గడువు వయసుని బట్టి ఉంటుంది. 18-21 మధ్య సంతకం చేస్తే మూడేళ్ళు, 22-23కి రెండేళ్ళు, 24కి ఒక ఏడాది. కనీస జీతం 2025-26 సీజన్‌కి 7,75,000 డాలర్లు, 2026-27 నుంచి 8,50,000. పై చివర చూస్తే గోలీ ఇగోర్ షెస్టెర్కిన్ ఒప్పందం ఎనిమిదేళ్ళకి 9.2 కోట్ల డాలర్లు. కానీ చాలామంది గోలీల జీవితం టూ-వే కాంట్రాక్టు మీద నడుస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి ఒక రేటు, ఏహెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి అందులో చిన్న వంతు. పై అంకె చూసి ఇల్లు కొనకండి. కింది అంకెతో బతకగలరా అన్నదే లెక్క.

గోలీలకి ప్రత్యేకంగా పనికొచ్చే నిబంధన ఒకటుంది. 25 ఏళ్ళు నిండి, మూడు ప్రొఫెషనల్ సీజన్లు ఆడి, ఎన్‌హెచ్‌ఎల్‌లో 28 మ్యాచ్‌లకంటే తక్కువ ఆడిన గోలీ ఒప్పందం ముగియగానే గ్రూప్ 6 కింద స్వేచ్ఛగా ఏ జట్టుకైనా వెళ్ళొచ్చు. వెనక వరసలో ఇరుక్కుపోయినవారికి బయటపడే కిటికీ ఇది. ఏజెంటుని పెట్టుకునేటప్పుడు అతనికి ఆటగాళ్ళ సంఘం గుర్తింపు ఉందో లేదో చూడండి, అతని చేతి కింద అదే జట్టులో ఇంకో గోలీ ఉన్నాడేమో కూడా అడగండి. యూరప్ క్లబ్బులు తరచు పన్ను పోగా వచ్చే మొత్తాన్ని చెబుతాయి, ఇల్లూ కారూ కలుపుతాయి. ఉత్తర అమెరికా అంకెతో నేరుగా పోల్చకండి.

అంకెల విషయానికొస్తే, సేవ్ శాతం అంటే ఆపినవి భాగించు వచ్చిన షాట్లు. 30కి 27 ఆపితే .900. గోల్స్ సగటుకి, ఇచ్చిన గోల్స్‌ని 60తో గుణించి ఆడిన నిమిషాలతో భాగిస్తారు. ఖాళీ గోల్‌లో పడ్డవి మీ ఖాతాలోకి రావు. .905కీ .915కీ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ 1,500 షాట్ల సీజన్‌లో అది 15 గోల్స్. మీ రికార్డు మీరే రాసుకోండి: ప్రతి గోల్‌కీ పక్ ఎక్కడి నుంచి వచ్చింది, అడ్డు ఉందా, మీరు నిలబడి ఉన్నారా, మోకాళ్ళ మీదా. ఇరవై మ్యాచ్‌లయ్యాక ఒకే రకం గోల్ పదేపదే కనబడుతుంది. వేసవిలో చేయాల్సిన పని అదే.

10. రెండో గోలీగా బతకడం

చాలామంది కెరీర్‌లో ఎక్కువ రోజులు ఇలాగే గడుస్తాయి. ప్రాక్టీసు నుంచి స్టార్టర్ ముందే వెళ్ళిపోతాడు, ఆ మ్యాచ్‌లో చోటు లేని ఆటగాళ్ళు షాట్లు కొట్టుకోవడానికి గోల్‌లో మీరుండాలి. అక్కడ బద్ధకంగా నిలబడితే కోచ్‌కంటే ముందు ఆటగాళ్ళకి తెలుస్తుంది. రోజూ మీకు కావాల్సిన రకం షాట్లు పది నిమిషాలు మొదట అడిగి చేయించుకోండి, మిగతాది వాళ్ళకి ఇవ్వండి.

మ్యాచ్ రోజున వార్మప్‌ని ఆడబోయేవాడిలాగే చేయండి. విరామాల్లో కూర్చోకుండా తుంటిని వెచ్చగా ఉంచండి, టెన్నిస్ బంతిని గోడకి కొట్టి రెండు చేతులా పట్టండి. బెంచీ మీద కూర్చుని ప్రత్యర్థి పవర్‌ప్లేలో (మన ఆటగాడు పెనాల్టీలో ఉండగా వాళ్ళు ఎక్కువ మందితో ఆడేటప్పుడు) పక్ ఎవరి దగ్గర నుంచి ఎవరికి పోతోందో చూడండి. స్టార్టర్ దెబ్బ తిన్నా, కోచ్ విసిగి వెనక్కి పిలిచినా తయారవ్వడానికి సమయం దొరుకుతుందని ఆశించొద్దు.

చల్లబడ్డ ఒంటితో దిగినప్పుడు ఒక వరస పాటించండి. ముందు క్రీజ్‌ని అడ్డంగా నాలుగైదు సార్లు స్కేట్ అంచులతో గీకండి. నున్నటి మంచు మీద అంచు కరవదు, పైగా ఆ గీకుడులో కాళ్ళు వేడెక్కుతాయి. రెండు పోస్టుల మధ్య రెండు టీ-పుష్‌లు, రెండు వైపులా ఒక్కో బటర్‌ఫ్లై. డిఫెన్స్ ఆటగాళ్ళకి ఒక మాట చెప్పండి: మొదటి పక్‌ని గోల్ వెనక నేనే ఆపుతా. ఒక పక్ స్టిక్‌కి తగిలితే చేతులు తేలికవుతాయి.

మొదటి షాటే లోపలికి పోవచ్చు. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో కరోలినా గోలీలిద్దరూ గాయపడితే, 42 ఏళ్ళ డేవిడ్ ఏర్స్ అత్యవసర గోలీగా దిగాడు. ఒకప్పుడు ఐస్ చదును చేసే యంత్రం నడిపినవాడు. అతని మీదికి వచ్చిన మొదటి రెండు షాట్లూ గోల్ అయ్యాయి. తర్వాత వచ్చిన ఎనిమిదీ ఆపాడు, జట్టు 6-3తో గెలిచింది. గోల్ పడ్డ వెంటనే స్కోరుబోర్డు వైపు, కోచ్ వైపు చూడకండి. వల మీది సీసా తీసి ఒక గుక్క నీళ్ళు తాగండి. తిరిగి పెట్టేటప్పుడు అది అటూ ఇటూ ఊగకుండా నిలబెట్టండి, ఆ చిన్న పని పూర్తయ్యేలోపు ఊపిరి దారిలోకి వస్తుంది. స్టిక్‌తో ఒక పోస్ట్, బ్లాకర్‌తో ఇంకో పోస్ట్ తట్టి, ఎక్కడున్నారో చూసుకుని, క్రీజ్ మధ్యకి రండి. ఆట మళ్ళీ మొదలయ్యే ఫేసాఫ్ చుక్క మీద పక్ పడబోతోంది.